కావ్యములోని మాట – తరగతిలోని బాలుడు

హరిశ్చంద్రుని కథ తెలియని తెలుగువాడు లేడు. రాయలసీమలో పద్యనాటకమునకు గల ఆదరము అందరెరిగినదే. మదనపల్లె మొదలు పుంగనూరు మీదుగా కుప్పము వరకు గల పల్లెలలో తిరునాళ్ళ రాత్రి హార్మోనియము శ్రుతి వినబడినచో, కాటిసీను వచ్చువరకు నిద్రపోక కూర్చుండిన తరములు గడచినవి. ఆలిని అమ్మి, బిడ్డను అమ్మి, తుదకు తన్ను తాను అమ్ముకొని, కాశీలో శ్మశానమునకు కాపరియైన రాజును చూచి కన్నీరు పెట్టనివారుండరు. సత్యము కొరకు మనుష్యుడు ఎంత కష్టమునైనను సహింపవలెనని ఆ కథ చెప్పుచున్నది. కాని అదే కథ మరియొక సంగతియు చెప్పుచున్నది. రాజు పడిన కష్టములన్నిటిలో కడపటిది, అన్నిటికంటె హీనమైనది, చండాలునకు దాసుడగుట అని.

నాటకము చూడవచ్చిన జనములో ఊరివారితోపాటు ఊరి వెలుపలి వాడలవారును ఉండెడివారు. రాజు దుఃఖమునకు వారును కంటతడి పెట్టిరి. కాని రాజునకు కడపటి అవమానముగా కవి చెప్పిన స్థితి వారికి పుట్టుకతోడనే వచ్చిన స్థితి. తమ పుట్టుకయే మరియొకనికి శిక్షగా విధింపబడుట చూచి వారి మనస్సు ఎట్లుండెనో మన విమర్శ అరుదుగానే అడిగినది.

ఆ ప్రశ్న నేడు నాటకశాల దాటి పాఠశాలకు వచ్చినది. ఈ కథ కాని, ఇట్టి మరియొక ప్రాచీనకథ కాని పాఠముగా వచ్చినప్పుడు ‘చండాలుడు’ అను మాట ఉపాధ్యాయుని నోట వెలువడక తప్పదు. నిఘంటువులో దానికొక అర్థమున్నది. వీధిలో దానికి వేరొక అర్థమున్నది. కోపము వచ్చినవారు తిట్టుటకు వాడు మాట అది. తరగతిలో 40 మంది బాలురున్నారనుకొందము. 39 మంది ఆ మాటకు అర్థము వ్రాసికొందురు. ఒకడు తల ఎత్తడు. ఉపాధ్యాయుడు ఆ ఒక్కనికి ఏమి చెప్పవలెను? కావ్యమునే వదలుకొనవలెనా? మాటను దాటవేయవలెనా? లేక ఏమియు జరుగనట్లు తరువాతి పద్యమునకు పోవలెనా?

ఈ చిక్కు మనకొక్కరికే వచ్చినది కాదు. అమెరికా రచయిత మార్క్ ట్వేన్ వ్రాసిన ‘హకిల్‌బెరీ ఫిన్’ నవల 1884లో ఇంగ్లండులోను, 1885లో అమెరికాలోను వెలువడినది. నండూరి రామమోహనరావుగారి అనువాదము మూలమున తెలుగు బాలురును దానిని ఎరుగుదురు. త్రాగుబోతు తండ్రి బారినుండి తప్పించుకొనిన హక్ అను బాలుడును, యజమానురాలినుండి పారిపోయిన జిమ్ అను నల్లజాతి బానిసయు తెప్పమీద మిసిసిపీ నదిలో ప్రయాణము చేయు కథ అది. నల్లవారిని కించపరచు ఒక మాట ఆ గ్రంథమున 200 సార్లకు పైగా వచ్చును. 1957లో న్యూయార్కు నగర విద్యామండలి చిన్న తరగతుల పాఠ్యగ్రంథముల పట్టికనుండి దానిని తొలగించినది. 2011లో ఒక ప్రకాశకుడు ఆ మాట ఉన్న ప్రతిచోట ‘బానిస’ అను మాటను ఉంచి క్రొత్త ప్రతిని అచ్చువేసెను. దానిపై పెద్ద వివాదము చెలరేగినది.

ఇరుపక్షముల వాదములోను బలమున్నది. ఆ నవలలో ఒక ఘట్టము కలదు. పారిపోవు బానిసకు తోడ్పడుట మహాపాపమని హక్ నమ్మియున్నాడు. అతనికి పెద్దలు నేర్పినది అదే. జిమ్ ఉన్న చోటు తెలుపుచు యజమానురాలికి ఉత్తరము వ్రాయును. పిమ్మట జిమ్ తనయెడ చూపిన దయ తలపునకు వచ్చి, నరకమునకు పోయినను పోవుదునని నిశ్చయించుకొని ఆ ఉత్తరమును చింపివేయును. పెద్దల నోట నేర్చిన తిట్టు హక్ నాలుకమీద ఇంకను ఉన్నది. అతని హృదయము మాత్రము దానిని దాటిపోయినది. ఆ మాటను తుడిచివేసినచో అతడు దాటిన దూరము ఎంతో మనకు తెలియదు. అదియునుగాక, ‘బానిస’ అనునది చట్టము పెట్టిన పేరు. అమెరికాలో 1865లో రాజ్యాంగసవరణముచే బానిసత్వము రద్దయినది. ఆ తిట్టు మాత్రము రద్దు కాలేదు. ఒకదాని స్థానమున మరియొకదానిని ఉంచుట చరిత్రను తప్పుగా చెప్పుట యగును.

అయినను, ఆ మాటను తరగతిలో బిగ్గరగా చదువగా విన్న నల్లజాతి బాలుని బాధ ఈ వాదముచే తగ్గదు. రచయిత ఉద్దేశము మంచిదే కావచ్చును. బాలునకు ముందుగా తగులునది మాట, ఉద్దేశము కాదు. ఉద్దేశమును విప్పి చెప్పవలసినవాడు ఉపాధ్యాయుడు. గ్రంథము నిర్దోషమైనంత మాత్రమున పాఠము నిర్దోషము కాదు.

దూరదేశముల మాట అట్లుండనిండు. ఇట్టి మాటలు మనవారి మీదను పడినవి. పుంగనూరు, కుప్పము ప్రాంతములు పూర్వము ఉత్తర ఆర్కాటు జిల్లాలోను, మదనపల్లె కడప జిల్లాలోను ఉండెడివి. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు ఇవి ఒక్క జిల్లాలోనికి వచ్చినవి. దక్షిణాఫ్రికాలోని నాతాలునకు ఒడంబడిక కూలీలను ఓడలలో పంపుట నిలిచిపోయినదియు ఆ సంవత్సరమే. 1860లో ‘ట్రూరో’ అను ఓడ మద్రాసు రేవునుండి మొదటి కూలీలతో బయలుదేరినది. పిమ్మటి అర్ధశతాబ్దిలో లక్షన్నరకు పైగా భారతీయులు అట్లు వెళ్ళిరి. వారిలో ఎక్కువమంది ఓడనెక్కినది మద్రాసులోనే. ఉత్తర ఆర్కాటు జిల్లావారు వారిలో అనేకులు.

మన భాషలో ‘కూలి’ యనగా చేసిన పనికి ముట్టవలసిన ప్రతిఫలము. అందులో సిగ్గుపడవలసినది ఏదియు లేదు. సముద్రము దాటిన పిమ్మట ఆ మాటయే మనుష్యునకు పేరైనది, తిట్టైనది. 1893లో దక్షిణాఫ్రికాకు వెళ్ళిన గాంధీగారిని అచ్చటి తెల్లవారు కూలి బారిష్టరు అనిరి. అంతకంటె విచిత్రమైనది ‘సామి’ యను మాట. మునిస్వామి, రామస్వామి వంటి పేర్లు పుంగనూరు, కుప్పము పల్లెలలో ఇంటింట వినబడునవి. ఆ పేర్ల చివరి ముక్కను పట్టుకొని తెల్లవారు భారతీయులందరిని ‘సామి’ యని హేళనగా పిలిచిరి. అది ‘స్వామి’ శబ్దమేయని, స్వామి యనగా ప్రభువని గాంధీగారు తమ ఆత్మకథలో వివరించినారు. ప్రభువను మాటయే బానిసవంటివానికి తిట్టుగా మారినది! అక్షరములలో ఏ మార్పును లేదు. మారినది పలికినవాని చూపు.

ఈ చరిత్రను పాఠముగా విన్న బాలుడు ఒక సంగతి గ్రహించును. ఓడనెక్కి వెళ్ళిన తన ఊరివారిని ఎవరో ‘సామి’ యని కించపరచిరని వినినప్పుడు అతనికి రోషము కలుగును. ఆ రోషము న్యాయమైనది. అదే రోషముతో తన ఊరిలో ఎవరిని ఏ మాటతో పిలుచుచున్నారో అతడు విచారించుకొనినచో ఆ పాఠము సార్థకమగును.

ఇక మరల హరిశ్చంద్రుని కథకు వత్తము. అందులో ఉన్నవి రెండు: ఒకటి కులమును కించపరచు మాట, రెండవది మనుష్యులను అమ్ముట. మొదటిదానిని గూర్చి చెప్పినంతగా రెండవదానిని గూర్చి మనము ఆలోచింపము. విశ్వామిత్రునకు ఈయవలసిన ధనము కొరకు రాజు భార్యను అంగడిలో నిలుపును. తల్లితోడ బిడ్డయు పోవును. కాలకౌశికుడు వారిని కొనును. కొనవచ్చునా, అమ్మవచ్చునా అని కాశీనగరమున ఒక్కడును అడుగడు. ఋణము తీర్చుట ధర్మము. ఆ ధర్మమునకు వెల చెల్లించినవారు చంద్రమతియు, లోహితుడును. ఈనాటి చదువరి ఈ సంగతిని అడుగుట కథకు ద్రోహము కాదు. కథను శ్రద్ధగా వినుటయే.

ఏలయన ఈ కథ పురాణకాలముతో ముగిసినది కాదు. మన దేశమున బానిసత్వమునకు న్యాయస్థానముల గుర్తింపును తొలగించిన చట్టము 1843లో వచ్చినది. మనుష్యుని బానిసగా కొనుట, అమ్ముట నేరమని 1860 నాటి శిక్షాస్మృతి చెప్పినది. అయినను అప్పు పేరిట మనుష్యుని కట్టివేయు ఆచారము గ్రామములలో నిలిచియే యుండెను. తండ్రి చేసిన అప్పునకు కొడుకు జీతగాడుగా కుదురుట, ఏండ్లు గడచినను అప్పు తీరకుండుట తెలుగునాట ఎరుగని సంగతి కాదు. వెట్టిచాకిరి నిర్మూలన చట్టము వచ్చినది 1976లో. ఋణము కొరకు అమ్ముడుపోయిన రాజును చూచి రాత్రియంతయు ఏడ్చిన ఊరు, తెల్లవారగనే ఋణము కొరకు అమ్ముడుపోయిన జీతగాని ‘ఒరే’ యని పిలిచి పనికి తోలినది. రంగస్థలముమీద గుర్తించిన దుఃఖమును పొలములో గుర్తింపలేకపోయినది.

రాజును కొనిన వీరబాహునియెడ కథ చూపు వైఖరియు గమనింపదగినది. అప్పు కొరకు వెంటబడి వేధించినవాడు నక్షత్రకుడు. దాసిని బాధించినది కాలకౌశికుని ఇల్లు. వీరబాహుడు అడిగిన ధనమిచ్చి, కొనినవానికి పని చూపెను. ఇంతటివాడును కథాంతమున గౌరవము పొందుటకు తన రూపము విడువవలసివచ్చినది. ఆ చండాలుడు నిజమునకు ధర్మదేవతయేయని మార్కండేయపురాణము చెప్పును. దేవత యని తెలిసినగాని మనుష్యునకు మన్నన లేదు. కాటిలో నిజముగా కాపరియైనవాడు ఏ దేవతగాను మారడు. వానికి మన్నన ఎన్నడు?

ఇంత చెప్పినంత మాత్రమున ప్రాచీనకవులందరు ఒకే గొంతుతో పలికిరని తలపరాదు. మూడు రాష్ట్రముల కూడలిలోని కుప్పములో 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయము వెలసినది. అచ్చటి బాలునకు తెలుగు, తమిళము, కన్నడము మూడును చెవినబడుచుండును. అట్టివాడు ఇదే కథను కన్నడములో చదివినచో అతనికొక అపూర్వమైన ఘట్టము కనబడును. 13వ శతాబ్దిలో రాఘవాంకుడు రచించిన హరిశ్చంద్రకావ్యములో అంత్యజకన్యలు రాజు ఎదుట ఆడిపాడి, తమ్ము వివాహమాడుమని కోరుదురు. కులము చెడునని రాజు నిరాకరించును. అప్పుడు వారు వాదింతురు: మా పాట విన్న చెవికి మైల లేదు, మా రూపము చూచిన కంటికి మైల లేదు, మాతో మాటాడిన నోటికి మైల లేదు; తాకిన ఒడలికి మాత్రము మైల ఎట్లు వచ్చును? కవి మాటలు వేరు, భావమిది. రాజు ఒప్పుకొనడు; కాని ఆ ప్రశ్నకు ఆ కావ్యములో ఇంపైన సమాధానమును లేదు. తెలుగు కథలోను మాతంగకన్యలు కలరు. నాటకములో వారిని చూచుచునే యున్నాము. వారి ఆటను చూచి వారి వాదమును మరచిపోవుట మన పొరపాటు.

ఇక తెలుగుసీమలోనే చూతము. తాళ్ళపాక అన్నమాచార్యుడు బ్రాహ్మణుడు నడచు నేలయు, చండాలుడు ఉండు నేలయు ఒక్కటేయని పాడెను. అచ్చట వాడినది అదే మాట. హరిశ్చంద్రకథలో మనుష్యుని క్రిందికి త్రోయుటకు వాడిన మాటను ఈ వాగ్గేయకారుడు నేలను సమము చేయుటకు వాడెను. 16వ శతాబ్దిలో కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో మాలదాసరి కథ చెప్పెను. దేవుని సన్నిధిని పాడబోవుచున్న దాసరిని బ్రహ్మరాక్షసుడు పట్టుకొనును. పాట పాడి తిరిగివచ్చి ఆహారమయ్యెదనని దాసరి మాట యిచ్చి, ఆ మాట ప్రకారము తిరిగివచ్చును. తుదకు ఆ రాక్షసుడే దాసరి పాట యొక్క పుణ్యఫలమును యాచించును. ఆడిన మాట తప్పనివాడు రాజొక్కడే కాడని ఇంతకంటె స్పష్టముగ చెప్పుట ఎట్లు? హరిశ్చంద్రపాఠము చెప్పిన గంటలోనే మాలదాసరి కథ చెప్పు ఉపాధ్యాయుడు తరగతిలో తల వంచిన బాలుని తల ఎత్తగలడు.

మదనపల్లెకును ఈ విషయమున ఒక సంబంధము కలదు. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ ఠాకూరు అచ్చటి బిసెంట్ థియోసాఫికల్ కళాశాలలో విడిసి, జనగణమన గీతమును ఆంగ్లములోనికి అనువదించిన సంగతి ఆ ఊరి బాలురందరికి తెలియును. ఆ మహాకవియే 1933లో ‘చండాలిక’ యను నాటకము వ్రాసెనని అంతగా తెలియదు. ప్రకృతి యను చండాలకన్యను ఆనందుడను బౌద్ధభిక్షువు నీరడుగును. తాను అంటరానిదాననని ఆమె వెనుదీయగా, నేనెట్టి మనుష్యుడనో నీవును అట్టి మనుష్యవేయని ఆయన చెప్పి నీరు త్రాగును. తిట్టుగా వాడబడిన మాటనే ఠాకూరు గ్రంథమునకు పేరుగా పెట్టెను. ఆ మాట చదివిన ప్రతివాడును ఒక యువతి ముఖమును చూడవలసివచ్చును.

తెలుగులో ఇట్టి పని చేసినవారు ఉన్నవ లక్ష్మీనారాయణగారు. కారాగారమున వ్రాసిన వారి ‘మాలపల్లి’ నవల 1922లో అచ్చయినది. రామదాసు, వెంకటదాసు, సంగదాసుల కుటుంబము అందులో కథానాయకస్థానమున నిలుచును. సంగదాసు భూస్వామి చేతి దెబ్బకు మరణించును. నాటి మద్రాసు ప్రభుత్వము ఈ గ్రంథమును నిషేధించినది. కులమును కించపరచు మాటలున్న కావ్యములు తరతరములుగా పఠింపబడుచు వచ్చినవి. ఆ కులమువారిని నిండు మనుష్యులుగా చూపిన నవల మాత్రము ప్రభుత్వమునకు ప్రమాదకరముగా తోచినది. ఏ గ్రంథమునకు ఎవరు భయపడిరో చూచినచో ఆ గ్రంథము యొక్క శక్తి తెలియును.

అన్నిటికంటె ఆశ్చర్యకరమైన సమాధానము హరిశ్చంద్రనాటకములోనే యున్నది. బలిజేపల్లి లక్ష్మీకాంతకవి రచించిన సత్యహరిశ్చంద్రీయము తెలుగునాట మిక్కిలి ప్రసిద్ధికెక్కినది. దాని కాటిసీనులో నటులు చేర్చుకొని పాడుచు వచ్చిన శ్మశానపద్యములు ఆ నాటకకర్తవి కావు; గుఱ్ఱము జాషువవి. జాషువ 1895లో వినుకొండలో అస్పృశ్యులని త్రోసివేయబడిన కుటుంబమున జన్మించెను. అంటరానితనము పెట్టిన బాధను జీవితమంతయు అనుభవించి, 1941లో ‘గబ్బిలము’ వ్రాసెను. మనుష్యుడు ప్రవేశింపరాని గుడిలోనికి గబ్బిలము ప్రవేశింపగలదు గనుక దానిచేత శివునకు సందేశము పంపెను. చండాలునకు దాసుడనైతినని రాజు దుఃఖించు ఆ రంగమునందు, ప్రజలు ‘వన్స్‌మోర్’ అని కేకలు వేసి మరల మరల పాడించుకొనిన పద్యములు, ఊరివారు తాకని ఇంట పుట్టిన కవి నోటినుండి వెలువడినవి. చావు ఎదుట కులములేదని చెప్పు పద్యములు లేనిదే ఆ నాటకము ప్రజలకు రుచింపలేదు. దీనిని తరగతిలో చెప్పక దాచుట కవికిని, బాలునకును అన్యాయము.

ఇప్పుడు ఉపాధ్యాయుని కర్తవ్యము కొంత స్పష్టమగుచున్నది. మాటను కొట్టివేసి చదువుట సులభము. కాని కొట్టివేసిన మాట వీధిలో అట్లే యుండును. పైగా పూర్వులు ఎన్నడును తప్పు చేయలేదను భ్రాంతి మిగులును. ఏమియు ఎరుగనట్లు చదువుకొనిపోవుట అంతకంటె సులభము. అప్పుడు గురువు మౌనము ఆ మాటకు ఆమోదముగా బాలునకు తోచును. మూడవ మార్గము కొంచెము కష్టమైనది. పాఠమునకు ముందే, ఇందులో ఇట్టి మాట యున్నదని, అది నేడు ఎవరియెడను వాడరానిదని చెప్పవలెను. ఆ మాట ఏ పాత్ర నోట వచ్చినది, ఎవరిని గూర్చి వచ్చినది, కవి దానిని ఆమోదించెనా, లేదా అని విద్యార్థులచేతనే వెదకింపవలెను. పిమ్మట దానికి సమాధానము చెప్పిన కవిని చూపవలెను. ఆ కులపు బాలుని లేపి అభిప్రాయము అడుగరాదు. వాడు తరగతిలో విద్యార్థి, సాక్షి కాడు. ఆ మాటతో నవ్వులాట చేయువానిని మాత్రము అచ్చటనే ఆపవలెను.

చట్టము ఏమి చెప్పుచున్నదో కూడ విద్యార్థులు తెలిసికొనుట మంచిది. రాజ్యాంగములోని 17వ అధికరణము అంటరానితనమును రద్దు చేసినది. 1955లో అస్పృశ్యతానేరముల చట్టము వచ్చినది. షెడ్యూల్డు కులములవారిని, తెగలవారిని నలుగురిలో ఉద్దేశపూర్వకముగా అవమానించుట 1989 నాటి చట్టము ప్రకారము శిక్షార్హమైన నేరము. వీధిలో పలికినచో నేరమగు మాట తరగతిలో పద్యముగా పఠింపబడుచున్నది. ఈ రెండింటికిని నడుమ నున్న తేడా ఉపాధ్యాయుడు చెప్పు వివరణమొక్కటే. ఆ వివరణము లేనిచో తేడాయు లేదు.

పూర్వగ్రంథములు మన తాతల ఇండ్ల వంటివి. వానిలో దీపపుగూళ్ళున్నవి, కొందరిని వాకిటనే నిలిపిన గడపలును ఉన్నవి. గడపను పెకలించి దాచినచో అచ్చట ఎవరు నిలువబడిరో మన బిడ్డలకు తెలియదు. చూపించి, ఇచ్చట వీరిని నిలిపిరి, అది తప్పు, ఆ తప్పును ఈ కవులు ఇట్లు ఎదిరించిరి అని చెప్పినచో, ఆ ఇల్లు అందరిదియగును. హరిశ్చంద్రుని సత్యమును బాలురు తప్పక నేర్వవలెను. సత్యమును నేర్పు పాఠమునందు ఈ సత్యమును మాత్రము దాచుట తగదు. మాట గ్రంథములో నిలువవచ్చును. దాని బరువు ఒక్క బాలుని తలమీద నిలువరాదు.